తిప్పి పంపిన దరఖాస్తు: అక్రోమెగాలీ, దాని వెంట వచ్చే జబ్బులు

(సంఘం వార్షిక సమావేశంలో వైద్య సహాయ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏడూ ఈ వేదిక మీద మా విభాగం లెక్కలు చదువుతుంది. ఎన్ని శిబిరాలు పెట్టాం, ఎన్ని కళ్ళజోళ్ళు పంచాం, ఎంతమందికి మందులిచ్చాం అని. ఆ లెక్కలు ఈ సంచికలోనే వేరే పేజీల్లో అచ్చయ్యాయి, తీరికగా చూసుకోండి. ఈసారి మాకిచ్చిన సమయాన్ని ఒకే ఒక దరఖాస్తు గురించి చెప్పడానికి వాడుకుంటాం. అది మేము మంజూరు చేసింది కాదు, తిప్పి పంపింది.

మోండా మార్కెట్‌లో ఆకుకూరలు అమ్మే ఒక అక్క ఉంది. పేరు చెప్పం. తెల్లవారుజామున మూడింటికి లేచి సరుకు తెచ్చుకుని, కొత్తిమీర, పుదీన, పాలకూర కట్టలు కట్టి అమ్ముకుంటుంది. మన ఉచిత వైద్య శిబిరానికి నాలుగేళ్ళుగా వస్తోంది. ఒకసారి ఆసుపత్రి ఖర్చుల సాయానికి దరఖాస్తు పెట్టుకుంది. ఆధార్ కార్డు నకలు జత చేసింది. కౌంటర్ దగ్గర కూర్చున్న మా కార్యకర్తలు కార్డు మీది ఫోటో చూశారు, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూశారు. ఇద్దరూ ఒక్కరు కారనిపించింది. వేరేవాళ్ళ కార్డుతో సాయం కోసం వచ్చేవాళ్ళు మనకు అప్పుడప్పుడు తగులుతూనే ఉంటారు కదా. "ఫోటో సరిపోలేదు" అని రాసి కాగితం తిప్పి ఇచ్చేశారు.

"కార్డు నాదే సార్, మొకం మారింది, ఏం చెయ్యాలె?" అందట ఆమె. ఆ మాట మా వాళ్ళకు సాకులాగా వినిపించింది. నిజానికి రోగ నిర్ధారణ ఆ మాటలోనే ఉంది.

ఆమె తరఫున మాట్లాడింది మార్కెట్‌లో గాజుల దుకాణం ఉన్న ఒక పెద్దాయన, మన సంఘం సభ్యుడే. నెలవారీ సమావేశంలో ఆయన లేచి, ఈమె తనకు ఇరవై ఏళ్ళుగా తెలుసని, కార్డు ఆమెదేనని చెప్పారు. అంతటితో ఊరుకోలేదు. గాజుల కొలత సంగతి ఎత్తారు. దుకాణంలో "రెండు నాలుగు" అంటే లోపలి వెడల్పు రెండంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు. ఆమెది ఒకప్పుడు రెండు నాలుగే. తర్వాత రెండు ఆరు, ఆ పైన రెండు ఎనిమిది. ఇప్పుడు సబ్బు రాసినా రెండు పది ఎక్కడం లేదు. ఆడవాళ్ళు వయసుతో లావవుతారు, గాజు సైజు ఒకటి పెరుగుతుంది, అది మామూలే. ఇన్ని సైజులు పెరగడం, అదీ లావెక్కని చేతికి, తన దుకాణంలో ఎన్నడూ చూడలేదని ఆయన అన్నారు. పైగా ఆమె కాలి మెట్టెలు వేళ్ళలో ఇరుక్కుపోతే పాట్ మార్కెట్‌లో కత్తిరించి తీయించుకుందని కూడా ఆయనకు తెలుసు.

ఆ సమావేశంలో మన శిబిరాలకు వచ్చే డాక్టరుగారు ఉండటం మన అదృష్టం. ఆ కాగితం తెప్పించమన్నారు. ఆమెను పిలిపించి, ఆధార్ ఫోటో పక్కన ఆమె ముఖం పెట్టి చూశారు. కనుబొమల దగ్గర ఎముక ముందుకు వచ్చింది, ముక్కు వెడల్పయింది, పెదవులు మందమయ్యాయి, కింది దవడ ముందుకు సాగింది, పళ్ళ మధ్య సందులు పడ్డాయి. గొంతు కూడా మగగొంతులా బరువెక్కింది. మేము మోసమనుకున్న తేడాను ఆయన అక్రోమెగాలీ అన్నారు.

ఇప్పుడు ఆ జబ్బు సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాం. మెదడు కింద, ముక్కు మూలానికి వెనకగా, శనగ గింజంత పీయూష గ్రంథి ఉంటుంది. పిట్యూటరీ అంటారు. పిల్లలు ఎదగడానికి కావలసిన గ్రోత్ హార్మోన్ అక్కడే తయారవుతుంది. పెద్దయ్యాక కూడా ఒంటికి అది కొద్దిగా కావాలి. ఆ గ్రంథిలో ఒక గడ్డ లేచి ఆ హార్మోన్‌ను అదుపు లేకుండా వదలడం మొదలుపెడితే ఈ జబ్బు వస్తుంది. ఆ గడ్డ దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. చిన్న వయసులో, ఎముకలు ఇంకా ఎదిగే దశలో వస్తే మనిషి విపరీతంగా పొడవవుతాడు. కుస్తీలో టీవీల్లో మీరంతా చూసిన గ్రేట్ ఖలీకి 2012లో పిట్యూటరీ గడ్డకే ఆపరేషన్ జరిగింది. అందుకే ఇది రాక్షసులంత పొడుగువాళ్ళకు వచ్చే జబ్బనుకుంటాం. కానీ ఎముకలు ఎదగడం ఆగిపోయిన తర్వాత వస్తే ఎత్తు పెరగదు. చేతులు, పాదాలు, దవడ, నాలుక, లోపల గుండె పెరుగుతాయి. ఎక్కువమందికి వచ్చేది ఇలాగే, ముప్పై నలభై ఏళ్ళ వయసులో. 1886లో పారిస్‌లో పియర్ మేరీ అనే వైద్యుడు దీనికి ఈ పేరు పెట్టాడు. కొసలు పెద్దవి కావడమని గ్రీకు భాషలో అర్థం.

పది లక్షల మందిలో ఏడాదికి కొత్తగా ముగ్గురు నలుగురికి మాత్రమే బయటపడే జబ్బిది. ఇంత అరుదైనదానికి ఇంత సమయం ఎందుకని మీరు అడగవచ్చు. అరుదైనది జబ్బు మాత్రమే. అది తెచ్చిపెట్టే ఇబ్బందులు మన శిబిరంలో వరసలో నిలబడే ప్రతి రెండో మనిషికీ ఉంటాయి. షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పి, గురక, చేతుల తిమ్మిరి, తలనొప్పి, అతిగా చెమట. ఒక్కొక్కటి విడిగా చూస్తే ఏదీ అరుదు కాదు. అందుకే ఈ జబ్బు మొదలైనప్పటి నుంచి పేరు తేలేదాకా మామూలుగా అయిదు నుంచి పదేళ్ళు పడుతుంది. ధనిక దేశాల్లోనూ అంతే.

ఆ అక్క విషయంలో ఆ ఏళ్ళు ఎలా గడిచాయో చూద్దామని మా పాత రిజిస్టర్లు తిరగేశాం. చూసి సిగ్గుపడ్డాం. షుగరు రిజిస్టర్‌లో ఆమె పేరుంది, నెలనెలా మాత్రలు తీసుకున్నట్టు సంతకాలున్నాయి, మోతాదు పెంచుతూ పోయినట్టు ఉంది. బీపీ రిజిస్టర్‌లో ఉంది. ఎముకల డాక్టరు శిబిరంలో మోకాళ్ళకు నొప్పి మాత్రలు రాసినట్టు ఉంది. కళ్ళ శిబిరంలో దగ్గరి చూపు అద్దాలిచ్చినట్టు ఉంది. నాలుగు పుస్తకాల్లో నాలుగు చోట్ల ఒకే మనిషి. నాలుగు పుస్తకాలూ ఒకే బీరువాలో ఉన్నాయి. ఒక్కసారైనా ఎవరమూ వాటిని పక్కపక్కన పెట్టి చూడలేదు.

కళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పిట్యూటరీకి సరిగ్గా పైన రెండు కళ్ళ నరాలు ఒకదాన్నొకటి దాటుతాయి. గడ్డ పైకి పెరిగి ఆ కూడలిని నొక్కితే ఎదుటి చూపు బాగానే ఉంటుంది, రెండు పక్కల చూపు పోతుంది. గుర్రానికి గంతలు కట్టినట్టన్నమాట. ఎదురుగా పెట్టిన అక్షరాల బోర్డు ఆమె చక్కగా చదివింది. అందుకే ఆ పూట ఎవరికీ అనుమానం రాలేదు. మార్కెట్ సందుల్లో మాత్రం పక్కనుంచి వచ్చే తోపుడు బండ్లు, మూటలెత్తిన హమాలీలు ఆమెకు తగులుతూనే ఉన్నారు. "కండ్లు కనవడ్తలేవా" అని వాళ్ళు తిట్టారు. వాళ్ళన్నది అక్షరాలా నిజం. వేలు పక్కనుంచి మెల్లగా ముందుకు తెస్తూ ఎక్కడ కనిపించిందో చెప్పమని అడిగితే చాలు, ఈ లోపం చాలావరకు పట్టుబడుతుంది. ఖర్చు లేదు, యంత్రం అక్కరలేదు. ఇప్పుడు మన కళ్ళ శిబిరంలో ప్రతి ఒక్కరికీ చేస్తున్నాం.

రాత్రి చేతులు తిమ్మిరెక్కి నిద్ర లేచేది. చిల్లర లెక్కపెడుతుంటే నాణేలు జారిపోయేవి. మణికట్టు దగ్గర కండ, కణజాలం ఉబ్బి నరాన్ని నొక్కేయడం వల్ల అలా జరుగుతుంది. నలభై దాటకముందే నెలసరి ఆగిపోయింది, ముట్లుడిగాయనుకుంది. మధ్యాహ్నం బుట్ట ముందు కూర్చునే తూగేది. మూడింటికి లేచే మనిషి తూగక ఏం చేస్తుందని మేమూ అనుకున్నాం. అసలు కారణం నాలుక, గొంతులోని మెత్తని భాగాలు పెరిగి నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం. రాత్రంతా గురక పెట్టి నిద్రపోయినట్టే ఉంటుంది, మెదడుకు మాత్రం నిద్ర దక్కదు. గుండె మీద భారం పడుతుంది. గ్రోత్ హార్మోన్ ఇన్సులిన్‌కు అడ్డం పడుతుంది కనుక షుగరు, ఒంట్లో ఉప్పూ నీరూ నిలవ చేస్తుంది కనుక బీపీ. ఇవన్నీ కలిసి గుండె కండరం మందమవుతుంది. వైద్యం లేకుండా వదిలేస్తే ఈ రోగులు సగటున పదేళ్ళు ముందుగా పోతారు. పోయేది ఎక్కువగా గుండె వల్లే. హార్మోన్‌ను మామూలు స్థాయికి తేగలిగితే ఆయుర్దాయం మిగతావారికి దగ్గరగా వస్తుంది. ఇంత తేడా ఉంది కాబట్టే ఇంతసేపు చెబుతున్నాం.

నిర్ధారణ కష్టమేమీ కాదు, అనుమానం రావడమే కష్టం. గ్రోత్ హార్మోన్ రోజంతా ఎగుడుదిగుడుగా వస్తుంది కనుక ఎప్పుడో ఒకసారి రక్తం తీసి చూస్తే ఏమీ తేలదు. దాని ప్రభావంతో కాలేయం తయారుచేసే ఐజీఎఫ్-1 అనే పదార్థం స్థిరంగా ఉంటుంది. మొదట చూసేది అదే, రోగి వయసుకు తగిన కొలతతో పోల్చి చూడాలి. ఇందులో ఒక మెలిక ఉంది. షుగరు బొత్తిగా అదుపు తప్పి ఉంటే ఐజీఎఫ్-1 తగ్గి కనిపించి మోసం చేయవచ్చు. సందేహముంటే 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళు తాగించి, రెండు గంటలపాటు అరగంటకోసారి రక్తం తీస్తారు. ఆరోగ్యవంతులకు చక్కెర లోపలికి పోగానే గ్రోత్ హార్మోన్ పడిపోతుంది. వీళ్ళకు పడదు. ఆ తర్వాత గడ్డ ఎక్కడ ఎంత ఉందో చూడటానికి ఎం.ఆర్.ఐ. మన నగరంలో ఉస్మానియా ఆసుపత్రిలోనూ, పంజాగుట్ట నిమ్స్‌లోనూ హార్మోన్ జబ్బులకు ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. మోండా మార్కెట్ నుంచి సిటీ బస్సులో వెళ్ళి రాగల దూరమే.

ఆమెకు గడ్డ సెంటీమీటరు దాటి ఉంది. ఒక సెంటీమీటరు లోపు ఉండగా పట్టుకుంటే, చెయ్యి తిరిగిన సర్జన్ దగ్గర నూటికి ఎనభై మందికి పైగా ఆపరేషన్‌తోనే నయమవుతుంది. పెద్దదైతే ఆ అవకాశం సగానికి అటూ ఇటూ పడిపోతుంది. మేము నాలుగేళ్ళు నాలుగు పుస్తకాల్లో రాసుకుంటూ కూర్చున్న కాలానికి ధర అది. గడ్డ మొదట్లో ఎంత ఉండేదో ఎవరూ చెప్పలేరు కానీ, ఆ లెక్క మమ్మల్ని వదలడం లేదు.

ఆపరేషన్ అంటే తల కోయరు. ముక్కు లోంచి వెళ్ళి గడ్డ తీస్తారు. అమెరికాలో హార్వీ కుషింగ్ అనే సర్జన్ 1909లోనే ఈ జబ్బుకు పిట్యూటరీ మీద ఆపరేషన్ చేశాడు. ఇప్పుడు సన్నని కెమెరా గొట్టంతో చేస్తున్నారు. నాలుక, దవడ పెద్దవి కనుక మత్తు డాక్టరుకు గొట్టం వేయడం కష్టమవుతుంది. జబ్బు పేరు ముందే చెప్పి తీరాలి, పంటి ఆపరేషన్‌కు వెళ్ళినా సరే. ఆపరేషన్‌కు ముందు గుండెకు ఎకో, నిద్ర పరీక్ష, పెద్దపేగులో కెమెరాతో చూసే కొలనోస్కోపీ, మెడ దగ్గర థైరాయిడ్ పరీక్ష చేయించారు. ఈ రోగుల్లో పేగులో చిన్న చిన్న బుడిపెలు, థైరాయిడ్ గడ్డలు మామూలు కంటే ఎక్కువ.

ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ అక్కరకొచ్చింది. 2007లో మొదలైన ఆ పథకం పరిమితిని మన రాష్ట్రంలో 2023 డిసెంబరులో పది లక్షలు చేశారని మీకు తెలిసిందే. మిగతా పరీక్షలకు మన సంఘం ఇచ్చింది. ఆమె మతం వేరు కనుక జకాత్ పద్దు ముట్టకుండా సదఖా పద్దు నుంచి ఇచ్చాం. లెక్క అడిగే హక్కున్న దాతలకు ఆ మాట చెప్పడం మా బాధ్యత.

వారం తిరక్కుండానే ఉంగరం వదులైందట. మెత్తని భాగాల్లో చేరిన వాపు అంత తొందరగా దిగుతుంది. పక్క చూపు చాలావరకు తిరిగొచ్చింది. షుగరు మాత్రలు సగమయ్యాయి. పెరిగిన ఎముక మాత్రం వెనక్కి పోదు. దవడ అలాగే ఉంది, మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే రోగులు ఆపరేషన్ ఫెయిలైందనుకుని మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కరు.

దాతలతో మా అసలు మనవి ఇక్కడే ఉంది. ఆపరేషన్ అంటే జేబులోంచి చెయ్యి బయటికి వస్తుంది. మేము అడగకముందే ఇస్తారు, అల్లాహ్ మీకు మేలు చేయుగాక. ఆపరేషన్ అయ్యాక రోగి పేరు మన పుస్తకంలో "పూర్తయింది" అని పడుతుంది. ఈ జబ్బు అలా పూర్తవదు. మూడు నెలలకు ఐజీఎఫ్-1 మళ్ళీ చూస్తే ఆమెకు ఇంకా ఎక్కువే ఉంది. గడ్డలో కొంత ముక్క పెద్ద రక్తనాళం పక్కన మిగిలింది, దాన్ని తీయడం ప్రమాదం. అలాంటివాళ్ళకు మూడు దారులున్నాయి. వారానికి ఒకటో రెండో సార్లు వేసుకునే క్యాబర్గోలిన్ మాత్రలు చవక, కానీ కొద్దిమందికే, అదీ హార్మోన్ కాస్త మాత్రమే ఎక్కువున్నవాళ్ళకు పనిచేస్తాయి. నెలకోసారి వేసే ఆక్ట్రియోటైడ్ లేదా లాన్‌రియోటైడ్ సూది బాగా పనిచేస్తుంది, ఒక్క సూది ధర పది వేలు దాటుతుంది, ఆపితే హార్మోన్ మళ్ళీ పెరుగుతుంది. మూడోది రేడియేషన్. దాని ఫలితం కనిపించడానికి ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళలో మందు వాడుతూనే ఉండాలి. ఆమెకు డాక్టర్లు ముందు మాత్రలు ఇచ్చి చూశారు, చాలలేదు. సూది మొదలైంది. కొత్తిమీర కట్టలమ్మి నెలనెలా ఆ సూది కొనగలిగేవాళ్ళు మోండా మార్కెట్‌లోనే కాదు, ఎక్కడా ఉండరు. నిద్రలో వాడే సీప్యాప్ యంత్రం ఒకటి కావాలి. ఏడాదికోసారి ఎకో, కళ్ళ పరీక్ష, రక్తపరీక్షలు జీవితాంతం తప్పవు.

ఇంకొకరి సంగతి కూడా చెప్పాలి. మన బస్తీ కుర్రాడే, ఇదే జబ్బుకు ఆపరేషన్ అయింది, గడ్డ పూర్తిగా పోయింది. అందరం సంతోషించాం, ఫైలు మూసేశాం. ఆపరేషన్ తర్వాత కొందరికి పీయూష గ్రంథిలో మిగతా హార్మోన్లు తగ్గుతాయి. అతనికి రోజూ వేసుకోమని హైడ్రోకార్టిసోన్ మాత్రలిచ్చారు. రంజాన్ నెలలో, ఉపవాసం కదా అని ఎవర్నీ అడగకుండా మాత్రలు మానేశాడు. మూడో రోజు ఇఫ్తార్‌కు ముందే కళ్ళు తిరిగి పడిపోయాడు. ఆసుపత్రిలో వేళకు సూది పడింది కాబట్టి బతికాడు. ఈ మాత్ర ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుందని, జ్వరం వస్తే మోతాదు పెంచాలని, ఉపవాసాలకు నెల ముందే డాక్టరుతో మాట్లాడాలని అతనికి ఒకసారి చెప్పి ఉండవచ్చు. ఆపరేషన్ హడావుడిలో అది తలకెక్కి ఉండదు. రెండోసారి చెప్పడానికి మా దగ్గర మనిషి లేడు, పద్దు లేదు. జబ్బుతో ఉన్న రోగికి పాటించకపోయినా తప్పు లేదన్న వెసులుబాటు మన ధర్మంలోనే ఉందని ఇమామ్ సాహెబ్ అతనికి ఇంటికెళ్ళి చెప్పారు. ఆ మాట అందరికంటే బాగా పనిచేసింది.

అందుకని ఈ ఏడాది బడ్జెట్‌లో మా విభాగం "ఆపరేషన్ తర్వాత" అని ఒక పద్దు కోరింది. కార్యవర్గం ఒప్పుకుంది. పెద్ద మొత్తం ఒక్కసారి ఇచ్చేవాళ్ళ కంటే, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక సూదికి నెలనెలా కట్టేవాళ్ళు దీనికి ఎక్కువ అవసరం. సూది ఆరు నెలలు వేసి ఏడో నెల ఆపడం కంటే మొదలుపెట్టకపోవడమే నయమని ఒక సభ్యుడన్నారు. అంత కఠినంగా మేము అనం కానీ, ఆయన భయం మాకూ ఉంది. పక్క బజార్లలో మీలో చాలామందికి దుకాణాలున్నాయి. చెప్పులమ్మేవారు, గాజులమ్మేవారు, ఉంగరాలు చేసేవారు, టోపీలు కుట్టేవారు ఈ సభలోనే ఉన్నారు. పాత ఖాతాదారు పెద్దవాడయ్యాక సైజు మీద సైజు మారుస్తుంటే, పాత ఫోటో ఒకటి తీసుకుని శిబిరానికి రమ్మని చెప్పండి. ఆ మనిషి ముఖం గురించి మాత్రం నలుగురిలో ఏమీ అనకండి. ఆ అక్క పడిన మాటలు ఇప్పటికే చాలు.

నాలుగు రిజిస్టర్లూ తీసేసి, మనిషికి ఒక్క కార్డు చొప్పున కొత్తగా రాయిస్తున్నాం. శిబిరంలో పేరు రాసుకునే ఫారంలో కింద ఒక గడి చేర్చాం: పదేళ్ళ కిందట మీ చెప్పుల సైజు ఎంత, ఇప్పుడెంత. ఆధార్ ఫోటో సరిపోకపోతే కాగితం తిప్పి ఇవ్వకుండా డాక్టరుగారి బల్ల దగ్గరికి పంపాలని కౌంటర్ వాళ్ళకు రాతపూర్వకంగా ఇచ్చాం. ఆ అక్క తర్వాతి సూది వచ్చే నెల మొదటి వారంలో. దాని డబ్బు సమకూరింది. ఆ పైనెలది ఇంకా లేదు.